ఏ ఐ5? పూర్తి పేరు చెప్పండి!

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందని నాకు పేపర్ చూసి తెలియక్కర్లేదు. వాట్సాప్ చెప్పేస్తుంది. "అన్నా, ఐ5, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 45 వేలు. తీసుకోవచ్చా?" రోజుకి కనీసం ఒకటైనా వస్తుంది. తమ్ముళ్లు, చెల్లెళ్లు, కొలీగ్ చెల్లెలు, మా ఆఫీసు సెక్యూరిటీ అంకుల్ వాళ్లమ్మాయి... అందరిదీ ఇదే ప్రశ్న. అందరికీ నేను వేసే ఎదురుప్రశ్న కూడా ఒకటే. "ఏ ఐ5?"

అక్కడితో కాసేపు చాటింగ్ ఆగిపోతుంది. తర్వాత కీబోర్డు పక్కన అంటించిన స్టిక్కర్ ఫొటో ఒకటి వస్తుంది. దాని మీద ఐ5 అని తప్ప ఇంకేమీ ఉండదు. "ఇదే అన్నా, ఐ5 అంటే ఐ5ఏ కదా!"

కాదు. ఐ5 అనేది ఇంటిపేరు. ఇంటిపేరు చెబితే మనిషి ఎవరో తెలుస్తుందా? ఒకే ఇంటిపేరుతో తాతగారూ ఉంటారు, పదో తరగతి పిల్లాడూ ఉంటాడు. ఇద్దర్నీ పొలంలో దింపి ఒకే పని చేయమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇంటెల్ ఈ ఐ5 పేరుని 2009లో మొదలుపెట్టింది. అప్పటినుంచి వచ్చిన ప్రాసెసర్లు ఎన్నో, అన్నిటి మీదా అదే ఐ5. షాపువాడు అబద్ధం చెప్పక్కర్లేదు. ఇంటిపేరు చెప్పి ఊరుకుంటే చాలు, మిగతాది మనమే ఊహించేసుకుంటాం.

పోయిన నెల మా బాబాయి ఇలాగే షాపులోంచి ఫోన్ చేశాడు. నరసరావుపేట దగ్గర వాళ్లది వ్యవసాయం. మావాడికి సీఎస్‌ఈలో సీటొచ్చింది, హాస్టల్లో వేస్తున్నారు. "ఒరే అబ్బాయ్, నలభై ఎనిమిది వేలు పెట్టుకుని వచ్చా. మీ పిన్ని గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చింది. నాలుగేళ్ల దాకా మళ్లీ ఇంకోటి కొనమనకూడదు వీడు. ఇక్కడ ఐ7 చూపిస్తున్నాడు. ఐ5 కంటే ఐ7 పెద్దదేగా, తీసేసుకోనా?"

వీడియో కాల్ చేయమన్నా. టేబుల్ మీద మూడున్నాయి, మూడూ నలభై ఐదు నుంచి నలభై ఎనిమిది వేల మధ్యలోవే. ఒకటి ఐ7, దానికి 8 జీబీ ర్యామ్. రెండోది రైజెన్ 5, 16 జీబీ. మూడోది ఐ5, 8 జీబీ. స్టిక్కర్లు చూసి మార్కులేస్తే ఐ7కి ఫస్టు ర్యాంకు, 16 జీబీ ఉంది కాబట్టి రైజెన్‌కి సెకండు, పాపం ఐ5కి ఆఖరు. పూర్తి పేర్లు తీస్తే ఆ వరస తలకిందులైంది. ఎలాగో చెబుతా, ఎందుకంటే మీకు షాపులో ఎదురయ్యేవి కూడా అచ్చం ఇలాంటివే.

ముందు పూర్తి పేరు ఎక్కడుంటుందో చూడండి. షాపులో డెమో పీస్ ఆన్ చేసి ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట సీపీయూ మీద నొక్కితే కుడివైపు పైన మొత్తం పేరు కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో అయితే పైనున్న పెద్ద అక్షరాలు వదిలేసి, కిందికి జరిపి స్పెసిఫికేషన్ల పట్టికలోకి వెళ్లండి. అక్కడ కూడా ఉత్త ఐ5 అనే రాశాడంటే, ఆ పేజీ మూసేయడమే మంచిది.

బాబాయికి చూపించిన ఐ7 పూర్తి పేరు ఐ7-1255యూ. మొదటి రెండంకెలు జనరేషన్. 12 అంటే పన్నెండో జనరేషన్, 2022 నాటిది. చివరి అక్షరం యూ. నా లెక్కలో మొత్తం నంబర్‌లో అతి ముఖ్యమైనది ఈ చివరి అక్షరమే. యూ అంటే తక్కువ కరెంటుతో నడిచేది, దీని అసలు లెక్క 15 వాట్లు. హెచ్ అంటే 45 వాట్లు. పన్నెండు, పదమూడు జనరేషన్లలో మధ్యలో పీ అనేది కూడా వచ్చింది, దానికి 28. హెచ్‌ఎక్స్ అని కనిపిస్తే అది గేమింగ్ లాప్‌టాప్‌ల సంగతి, మన బడ్జెట్ జోలికి రాదు.

ఇప్పుడు ఈ ఐ7-1255యూని, దాని తమ్ముడు ఐ5-1235యూని పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ 10 కోర్లు. రెండింటిలోనూ 12 థ్రెడ్లు. క్యాష్ రెండింటికీ 12 ఎంబీయే. రెండూ 15 వాట్లవే. తేడా ఎక్కడ? ఐ7 గరిష్ఠంగా 4.7 గిగాహెర్ట్జ్ దాకా వెళుతుంది, ఐ5 4.4 దాకా. గ్రాఫిక్స్ యూనిట్లు ఐ7లో 96, ఐ5లో 80. అంతే! ఈ కాస్త తేడాకి ఐ7 అనే స్టిక్కర్ వేసి నాలుగైదు వేలు ఎక్కువ అడిగితే, మనం కొంటున్నది స్టిక్కర్నే.

పైగా ఆ 4.7 అనేది ఎప్పుడూ ఉండే స్పీడ్ కాదు. ఫాస్ట్ బౌలర్ గంటకి 150 కిలోమీటర్ల స్పీడుతో ఒక బంతి వేశాడని టీవీలో చూపిస్తారు. అలాగని పదో ఓవర్లో కూడా అదే స్పీడ్ ఉంటుందా? ప్రాసెసర్ కూడా అంతే. మొదటి కొన్ని సెకన్లు రెచ్చిపోతుంది, ఒళ్లు వేడెక్కగానే తగ్గుతుంది. ఎంతకి తగ్గుతుందో చెప్పేవే ఆ వాట్లు. 15 వాట్లకి తగ్గిన ఐ7 కంటే 40 వాట్ల దగ్గర నిలబడిన ఐ5 పెద్ద ప్రాజెక్టుని చాలా ముందుగా కంపైల్ చేసి పెడుతుంది.

ఆ ఐ7కి ఇంకో చిక్కు కూడా ఉంది. దాని 8 జీబీ ఒకే స్టిక్కుగా ఉంది. ఈ ఇంటెల్ చిప్పుల్లో ఐరిస్ ఎక్స్‌ఈ అని గొప్పగా చెప్పుకునే గ్రాఫిక్స్, ర్యామ్ రెండు ఛానెళ్లలో ఉంటేనే ఆ పేరుతో పనిచేస్తుంది. ఒకే స్టిక్ ఉంటే విండోస్‌లో పేరు కూడా యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని మారిపోతుంది. అంటే 96 యూనిట్లకి డబ్బు కట్టి, వాటికి తిండి పెట్టకుండా కూర్చోబెట్టినట్టు. ఇంకో స్టిక్ వేస్తే మళ్లీ దారిలోకొస్తుందనుకోండి.

రెండోది రైజెన్ 5. ఇది ఇంకా తమాషా. పూర్తి పేరు రైజెన్ 5 7520యూ. ఏఎండీ 2022 సెప్టెంబర్‌లో ఒక నంబర్ల పద్ధతి ప్రకటించింది. నాలుగంకెల్లో మొదటిది ఏడాది, 7 అంటే 2023. రెండోది ఏ స్థాయి రైజెన్ అన్నది. మూడోది, ఇది గుర్తుపెట్టుకోండి, లోపలి డిజైన్ వయసు. 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. జెన్ 2 ఎప్పటిది? 2019 నాటిది. అంటే 7520యూ అనేది 2023 మోడల్ పేరు పెట్టుకున్న 2019 డిజైన్. మన థియేటర్లలో 4కె రీ-రిలీజ్‌లు వస్తుంటాయి చూడండి, పోస్టర్ కొత్తది, సినిమా పాతది. కాకపోతే సినిమావాళ్లు రీ-రిలీజ్ అని పోస్టర్ మీదే రాస్తారు. ఇక్కడ మూడో అంకెలో దాచిపెట్టారు.

దీని అన్నగారు 7530యూ ఉంది. అంకె ఒక్కటే తేడా, 2 బదులు 3. కానీ 7520యూలో 4 కోర్లు, 8 థ్రెడ్లు. 7530యూలో 6 కోర్లు, 12 థ్రెడ్లు, అదీ జెన్ 3 మీద. అన్ని కోర్లనీ వాడించే టెస్టుల్లో 7530యూ ఒకటిన్నర రెట్లకి పైనే ఉంటుంది. షాపులో రెండింటి మీదా ఒకటే స్టిక్కర్, రైజెన్ 5. ధరలో తేడా చాలాసార్లు మూడు నాలుగు వేలే. ఇంకో మాట చెబితే ఏఎండీ అభిమానులకి కోపం రావచ్చు కానీ, ఇంటెల్ ఐ3-1215యూ కూడా ఈ 7520యూ కంటే ముందుంటుంది, ముఖ్యంగా ఒక్క కోర్ మీద నడిచే పనుల్లో. అంటే ఒక ఐ3, ఒక రైజెన్ 5ని కొట్టేసింది. స్టిక్కర్ చూసి కొనేవాళ్లకి ఈ విషయం ఎవరు చెబుతారు?

7520యూ చెత్తదని కాదు. వేడి తక్కువ, బ్యాటరీకి మంచిది. సినిమాలు, నోట్స్, బ్రౌజింగ్, చిన్న చిన్న పైథాన్ ప్రోగ్రాములకి నిక్షేపంలా ఉంటుంది. ముప్పై వేలలో వస్తే నేనే తీసుకోమంటా. 46 వేలకి మాత్రం వద్దు. ఇంకొకటి కూడా ఉంది. ఈ చిప్ ఎల్‌పీడీడీఆర్5 అనే రకం ర్యామ్‌తోనే పనిచేస్తుంది, అది మదర్‌బోర్డుకి టంకం వేసి వస్తుంది. 8 జీబీది కొంటే నాలుగేళ్ల తర్వాత కూడా 8 జీబీయే. బాబాయి చూసిన దాంట్లో 16 ఉంది కాబట్టి ఆ బాధ లేదు గానీ, అదే చిప్‌తో 8 జీబీవి చాలా అమ్ముతున్నారు, జాగ్రత్త.

ఇక మూడోది, ఆఖరు ర్యాంకు ఐ5. పూర్తి పేరు ఐ5-12450హెచ్. ఇది కూడా పన్నెండో జనరేషనే, కానీ చివర హెచ్. 8 కోర్లు, 12 థ్రెడ్లు, 45 వాట్లు. "దాంట్లో పది కోర్లున్నాయి, దీంట్లో ఎనిమిదేగా అన్నా?" అన్నాడు మావాడు ఫోన్ లాక్కుని. మంచి ప్రశ్నే.

పెళ్లి వంటశాల గుర్తు తెచ్చుకోండి. అక్కడ వంటమాస్టర్లు వేరు, ఉల్లిపాయలు తరిగే హెల్పర్లు వేరు. మొత్తం మనుషులు పదిమంది అని చెబితే బిర్యానీ ఎంతసేపట్లో దిగుతుందో తెలియదు. మాస్టర్లు ఎంతమందో చెప్పాలి. ఇంటెల్ పన్నెండో జనరేషన్ నుంచి ఇలాగే రెండు రకాల కోర్లు పెడుతోంది. బరువు పనులకి పీ-కోర్లు, వెనకాల నడిచే చిన్న పనులకి ఈ-కోర్లు. ఐ7-1255యూ పది కోర్లలో మాస్టర్లు ఇద్దరే, ఎనిమిదిమంది హెల్పర్లు. ఐ5-12450హెచ్‌లో మాస్టర్లు నలుగురు, హెల్పర్లు నలుగురు. పైగా గ్యాస్ కూడా ఎక్కువ ఇచ్చారు, 45 వాట్లు. ఆండ్రాయిడ్ స్టూడియో, డాకర్, వర్చువల్ మెషీన్ లాంటివి నడిపేటప్పుడు ఏది ముందుంటుందో మీరే చెప్పండి.

ఆ లాప్‌టాప్‌కి 8 జీబీయే ఉన్నా, ఒక స్లాట్ ఖాళీగా ఉంది. టాస్క్ మేనేజర్‌లోనే మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లలో ఎన్ని వాడారో చూపిస్తుంది. అక్కడ ఒకటి ఖాళీ అని వస్తే అది బంగారంలాంటి విషయం. గూగుల్ వాళ్లే ఆండ్రాయిడ్ స్టూడియోకి కనీసం 8 జీబీ, ఎమ్యులేటర్ కూడా వాడితే కనీసం 16 కావాలని చెబుతారు. కాబట్టి సీఎస్‌ఈ పిల్లలకి ఎప్పటికైనా 16 తప్పదు. ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని 2025 చివర్లోంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, అది నిజమే. అయినా మొదటి ఏడాది సీ, పైథాన్ నేర్చుకోవడానికి 8 సరిపోతుంది. రెండో ఏడాదిలో ఒక స్టిక్ వేసుకుంటాడు. ప్రాసెసర్‌ని మాత్రం రెండో ఏడాదిలో మార్చుకోలేడు, అది బోర్డుకి అతుక్కుని ఉంటుంది. అందుకే డబ్బు తక్కువున్నప్పుడు నేను ముందు ప్రాసెసర్ చూస్తా, తర్వాతే ర్యామ్. ఖాళీ స్లాట్ లేకపోతే మాత్రం ఈ లెక్క చెల్లదు. అప్పుడు 16 ఉన్నదే కొనాలి.

అలాగని అందరూ వెళ్లి హెచ్ కొనేయకండి. ఇక్కడే చాలామంది యూట్యూబ్ వీడియోలు చూసి పప్పులో కాలేస్తున్నారు. వాటిల్లో చార్టులుంటాయి, పొడుగు గీత ఉన్నది గెలిచినట్టు. మీ రోజు ఎలా గడుస్తుందో ఆ చార్టుకి తెలియదు.

మావాడు హాస్టల్లో ఉంటాడు. మంచం పక్కనే ప్లగ్గు. లాప్‌టాప్ రోజూ క్లాసుకి మోయడు, ల్యాబ్‌లో కంప్యూటర్లు ఉన్నాయి. వాడికి హెచ్ సరైనది. నా కొలీగ్ చెల్లెలు సంగతి వేరే. హైదరాబాద్ శివార్లలో కాలేజీ, ఈసీఈ. పొద్దున ఏడింటికి కాలేజీ బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరు. అరవైమంది ఉన్న క్లాసులో రెండు ప్లగ్గులు, అందులో ఒకటి ప్రొజెక్టర్‌కి. ఆ అమ్మాయికి హెచ్ ప్రాసెసర్ ఇస్తే మధ్యాహ్నం ల్యాబ్ టైముకి లాప్‌టాప్ చచ్చి కూర్చుంటుంది. ఆమెకి నేను చెప్పింది 7530యూ. చార్టులో 12450హెచ్ కంటే కాస్త కింద ఉంటుంది. కానీ సాయంత్రం దాకా బతికుండే ప్రాసెసరే కదా ఆమెకి ఫాస్ట్ ప్రాసెసర్!

బ్యాటరీ లెక్క మీరే వేసుకోవచ్చు. ప్రకటనలో రాసిన గంటలు పట్టించుకోకండి, అవి వెలుతురు తగ్గించి వీడియో చూస్తే వచ్చేవి. వాట్-అవర్లు ఎన్నో చూడండి. 42 వాట్-అవర్ల బ్యాటరీ ఉండి, మామూలు పనిలో లాప్‌టాప్ మొత్తం సగటున 7 వాట్లు తాగితే ఆరు గంటలు. 12 వాట్లు తాగితే మూడున్నర. ఈ బడ్జెట్‌లో చాలా లాప్‌టాప్‌ల్లో 40 నుంచి 50 మధ్యే ఉంటుంది బ్యాటరీ. దానికి 45 వాట్ల ప్రాసెసర్ తగిలించి, కంపైల్ కొట్టి చూడండి, పర్సంటేజీ కళ్లముందే దిగుతుంది.

ఒకే ప్రాసెసర్ రెండు లాప్‌టాప్‌ల్లో రెండు రకాలుగా ప్రవర్తించడం కూడా మామూలే. సన్నటి బాడీ, ఒకటే ఫ్యాన్ ఉంటే, కంపెనీలే హెచ్ ప్రాసెసర్‌ని తక్కువ వాట్లకి కట్టేసే సందర్భాలున్నాయి. అందుకే ప్రాసెసర్ పేరుతో కాకుండా, మీరు కొనబోయే లాప్‌టాప్ మోడల్ నంబర్‌తో రివ్యూ వెతకండి. సినీబెంచ్ అనే టెస్ట్‌ని పది నిమిషాలు ఆపకుండా నడిపి, మొదటి స్కోరు ఎంత, ఆఖరి స్కోరు ఎంత అని చెప్పినవాడి రివ్యూ నమ్మండి. బాక్సులోంచి తీసి, స్క్రీన్ భలే ఉంది గయ్స్ అన్నవాడిది లైక్ కొట్టి వదిలేయండి. స్కోర్లలో సింగిల్-కోర్, మల్టీ-కోర్ అని రెండుంటాయి. వెబ్ పేజీలు, ఎక్సెల్, ఆటోక్యాడ్‌లో చాలా పనులు సింగిల్ మీద ఆధారపడతాయి. కంపైలింగ్, వీడియో ఎడిటింగ్, రెండరింగ్ మల్టీ మీద.

బ్రాంచిని బట్టి మారే విషయాలు గబగబా చెప్పేస్తా. మెకానికల్, సివిల్ వాళ్లు సాలిడ్‌వర్క్స్, రెవిట్ వాడతారు కాబట్టి హెచ్ ప్రాసెసర్‌తో పాటు చిన్నదైనా విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే హాయి, అయితే బడ్జెట్ అరవై దాటుతుంది. ఆపిల్ మ్యాక్‌బుక్ ఎంత బాగున్నా వీళ్లకి కుదరదు, సాలిడ్‌వర్క్స్ మ్యాక్ మీద రాదు. బీకామ్, బీబీఏ వాళ్లకి టాలీ, ఎక్సెల్ అయితే ఐ3-1215యూ చాలు, మిగిలిన డబ్బుతో ర్యామ్ పెంచుకోండి. మెషీన్ లెర్నింగ్ కోసం గేమింగ్ లాప్‌టాప్ కావాలి నాన్నా అని ఇంట్లో ఒత్తిడి చేస్తున్నవాళ్లూ, మీరు నేర్చుకునే దశలో గూగుల్ కోలాబ్, క్యాగిల్ ఉచితంగా ఇచ్చే జీపీయూలు సరిపోతాయి. గేమ్స్ కోసమని ధైర్యంగా చెప్పండి, అది వేరే విషయం.

స్నాప్‌డ్రాగన్ లాప్‌టాప్‌లు 2024 జూన్ నుంచి బాగా వస్తున్నాయి, 2025లో తక్కువ ధరవి కూడా దిగాయి. బ్యాటరీ విషయంలో వాటికి తిరుగులేదు. కానీ అవి మన ఫోన్లలో ఉండే ఆర్మ్ రకం. మామూలు విండోస్ సాఫ్ట్‌వేర్‌ని అనువదించుకుని నడిపిస్తాయి, చాలావరకు నడుస్తుంది కూడా. డ్రైవర్ల దగ్గర మాత్రం ఆ అనువాదం పనిచేయదు, ఆర్మ్ కోసమే రాసిన డ్రైవర్ ఉండాలి. ఈసీఈ ల్యాబ్‌లో పాత కిట్ ఏదో యూఎస్‌బీకి తగిలించి, డ్రైవర్ దొరక్క సెమిస్టర్ చివర్లో ఏడవడం ఎందుకు? బీఏ, బీకామ్ వాళ్లు నిరభ్యంతరంగా చూడొచ్చు. ఇంజినీరింగ్ వాళ్లు సీనియర్లని అడిగి, ల్యాబుల్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో లిస్టు తెచ్చుకుని అప్పుడు ఆలోచించండి.

ఏఐ పీసీ అనే మాటకి కూడా పడిపోకండి. చాట్‌జీపీటీ, జెమిని నడిచేది మీ లాప్‌టాప్‌లో కాదు, ఎక్కడో సర్వర్‌లో. దానికి కావాల్సింది నెట్.

ఇంటెల్ ఇంకో గందరగోళం కూడా తెచ్చింది. 2023 డిసెంబర్‌లో కోర్ అల్ట్రా వచ్చినప్పటినుంచి పేర్లలో ఐ తీసేస్తూ వస్తోంది. ఇప్పుడు షాపుల్లో కోర్ 5 120యూ, కోర్ 5 210హెచ్, కోర్ 3 100యూ అని కనిపిస్తాయి. భయపడకండి, చివరి అక్షరం అలాగే ఉంది. 120యూలో 2 మాస్టర్లు, 8 హెల్పర్లు, అంటే మన 1235యూ లెక్కే. 210హెచ్‌లో 4, 4, అంటే 12450హెచ్ లెక్క. స్పీడ్ కాస్త పెంచారు, అంతే. కొత్త పేరు కదా అని ఐదారు వేలు ఎక్కువ పెట్టేముందు, ఇంటెల్ సైట్‌లో ఆ నంబర్ కొట్టి కోర్లు, వాట్లు పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండు నిమిషాల పని.

ఇరవై, పాతిక వేలే ఉన్నవాళ్ల మాటేంటి? ఇది అడిగేవాళ్లే ఎక్కువ, వీళ్లకి చెప్పేవాళ్లే తక్కువ. సెక్యూరిటీ అంకుల్ వాళ్లమ్మాయి బీకామ్ కంప్యూటర్స్. ఆయన దగ్గరున్నవి ఇరవై రెండు వేలు. ఆ డబ్బుకి కొత్తవాటిలో ఎక్కువగా దొరికేవి సెలెరాన్ ఎన్4020 రకం. 2 కోర్లు, 2 థ్రెడ్లు, 2019 నాటి చిప్. క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మూలుగుతుంది. కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 ఉన్నది వెతకండి. 4 కోర్లు, 6 వాట్లు, 2023లో వచ్చింది. అందులో నాలుగూ హెల్పర్లే, మాస్టర్లు లేరు. అయినా సెలెరాన్‌తో పోలిస్తే చాలా నయం.

కానీ నేను ఆయన్ని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న సీటీసీకి తీసుకెళ్లా. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన ఆఫీసు లాప్‌టాప్‌లు అక్కడ రీఫర్బిష్డ్ పేరుతో దొరుకుతాయి. గట్టి బాడీ, మంచి కీబోర్డు. ఇక్కడ చూడాల్సిన అంకె 8. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే విండోస్ 11 అధికారికంగా వేసుకోవచ్చు, ఒకటి రెండు మినహాయింపులు వదిలేస్తే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కాబట్టి ఐ5-7200యూ ఎంత తళతళలాడుతున్నా వద్దు. దాంట్లో ఉన్నవి 2 కోర్లే కూడా. తర్వాతి జనరేషన్ ఐ5-8250యూకి వచ్చేసరికి ఒక్కసారిగా 4 కోర్లు అయ్యాయి. ఒక్క జనరేషన్ తేడా, కోర్లు రెట్టింపు. షాపుల్లో ఈ రెండింటికీ మధ్య తేడా రెండు మూడు వేలే చెప్పారు. ఈ నంబర్లలో పది కంటే తక్కువ జనరేషన్లకి మొదటి అంకె ఒక్కటే చూడాలి, 8250 అంటే ఎనిమిది.

పాతది కొనేటప్పుడు బ్యాటరీ రిపోర్ట్ తీయమనండి. విండోస్‌లో ఒక చిన్న కమాండ్ కొడితే, తయారైనప్పుడు బ్యాటరీ కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఫుల్ ఛార్జ్ అయితే ఎంత అని పక్కపక్కనే చూపిస్తుంది. 50 ఉండాల్సింది 28కి వచ్చిందంటే కొత్త బ్యాటరీ ఖర్చు కలిపి బేరమాడండి. అంకుల్ అలాగే ఆడారు, నాకంటే బాగా ఆడారు. ఎనిమిదో జనరేషన్ ఐ5, 16 జీబీ ర్యామ్, కొత్త బ్యాటరీ వేయించి ఇరవై ఒకటిన్నరకి తెచ్చారు. వారంటీ మాత్రం షాపువాడిదే, మూడు నెలలు. ఆ రిస్క్ ఆయనకి ముందే చెప్పా, ఒప్పుకునే కొన్నారు.

బాబాయి షాపులోవాళ్లు చివరిదాకా ఐ7 వైపే నెట్టారు. పాత స్టాకు కదిలించాలని వాళ్లకి ఉంటుంది, తప్పు పట్టలేం. కానీ మావాడు టాస్క్ మేనేజర్ తెరిచి, "అంకుల్, ఇది యూ కదా, మాకు హెచ్ కావాలి" అనేసరికి కౌంటర్ అవతల మనిషి మాట్లాడే తీరే మారిపోయిందని బాబాయి చెప్పాడు. 12450హెచ్ నలభై ఏడుకి ఖాయమైంది, బ్యాగూ మౌసూ అదనం.

కొనేరోజు మర్చిపోకూడనివి కొన్ని. డెమో పీస్‌లో ఉన్న ప్రాసెసరే సీల్డ్ బాక్సులో ఉంటుందని అనుకోకండి. ఒకే లాప్‌టాప్ పేరు కింద మూడు నాలుగు రకాల ప్రాసెసర్లతో అమ్ముతారు, పేరు చివర రెండు మూడు అక్షరాలే మారతాయి. బాక్సు మీద స్టిక్కర్‌లో ప్రాసెసర్ పూర్తి నంబర్ చదవండి. ఆన్‌లైన్‌లో ఓపెన్ బాక్స్ డెలివరీ అయితే ఓటీపీ చెప్పేముందే చదవండి. బిల్లు మీద మోడల్ నంబర్, సీరియల్ నంబర్ రెండూ ఉండాలి. డబ్బు కట్టేముందు ఆ సీరియల్ నంబర్‌ని మీ ఫోన్లో కంపెనీ సైట్‌లో కొట్టి, వారంటీ ఎప్పటినుంచి మొదలైనట్టు చూపిస్తోందో చూసుకోండి. అది మూడు నాలుగు నెలల కిందటి తేదీ చూపిస్తే కొన్న బిల్లుతో సరిచేయించుకోవచ్చు, కానీ ఆ పని ఎవరు చేయిస్తారో కౌంటర్ దగ్గరే తేల్చుకోండి, కార్డు గీకకముందే.